ముప్పై ఏడు పొలాలు, ఒక టీ హోటల్

ఖమ్మంలో మా వీధి పిల్లలు ఇంజనీరింగ్ అయిపోగానే ఒకసారి మా ఇంటికి వస్తారు. "అంకుల్, సాఫ్ట్‌వేర్ల జాబ్ రావాలంటే ఏ లాంగ్వేజ్ నేర్చుకోవాలె?" అని అడుగుతారు. తెలుగు నేర్చుకోండి అంటాను. నేనేదో హాస్యమాడాననుకుని నవ్వి, మా ఇంటామె ఇచ్చిన చాయ్ తాగి, అసలు సమాధానం చెప్పేవాళ్లను వెతుక్కుంటూ వెళ్లిపోతారు. నేను హాస్యమాడలేదు. ఆ సంగతి విడమరిచి చెప్పే ఓపిక చాయ్ తాగేటంత సేపట్లో రాదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

ముప్పై ఏళ్లు సాఫ్ట్‌వేర్‌లో పనిచేశానంటే ఎదుటివాళ్లు అద్దాల మేడనూ, మెడలో వేలాడే కార్డునూ ఊహించుకుంటారు. నేను పనిచేసింది ఒక శాఖవారి జిల్లా ఆఫీసులో, రికార్డు గదికీ మరుగుదొడ్డికీ మధ్య ఉన్న కంప్యూటర్ సెక్షన్‌లో. శాఖ పేరు చెప్పను. చెప్పినా ఒప్పుకోరు.

రెండు విద్యలు

మా అబ్బాజాన్‌కు ఖమ్మంలో ఫొటో స్టూడియో ఉండేది. పాస్‌పోర్టు ఫొటోలకూ పెళ్లి ఫొటోలకూ ఆయన పేరున్న మనిషి. నేను డార్క్‌రూమ్‌లో ఆ మందుల వాసన పీల్చుతూ పెరిగాను. లైటు ఎక్కడ పెట్టాలని అడిగితే, "బల్బు దిక్కు చూడకురా, మొఖం మీద ఏం పడ్డదో చూడు" అనేవాడు. డిజిటల్ కెమెరాలు వచ్చి ఆ డార్క్‌రూమ్‌ను సామాన్ల గది చేసేలోపే నేను కంప్యూటర్ నేర్చుకుని ఉద్యోగంలో చేరాను. అలా నాకు రెండు విద్యలు అబ్బాయి. వెలుతురు చూడటం, కోడ్ రాయడం. ఆఫీసులో మొదటిది ఎవరికీ అక్కర్లేదు, రెండోది ఎవరికీ అర్థం కాదు. అందువల్ల చాలా ఏళ్లు ప్రశాంతంగా గడిచాయి.

స్మార్ట్‌ఫోన్లు వచ్చాక ఆ ప్రశాంతత పోయింది. మొక్క నాటితే యాప్, నాటిన మొక్క చస్తే యాప్, చచ్చిన మొక్క గురించి మీటింగ్ పెడితే హాజరుకు ఇంకో యాప్. మొక్కకు నీళ్లు పోసే యాప్ మాత్రం ఎవరూ అడగలేదు.

వాటిలో ఒక్కదాని గురించే చెబుతాను. చర్ల వైపు అడవి ఊళ్లలో పోడు భూములకు హక్కు పత్రాలు ఇవ్వాలన్నారు. పోడు అంటే అడవి అంచున చెట్టూ చేమా కొట్టి చదును చేసుకుని, తాతల నాటి నుంచి దున్నుకుంటున్న భూమి. రైతు తన పొలంలో నిలబడాలి. సర్వేకు వచ్చినవాళ్లు ఫోన్‌తో ఫొటో తీయాలి. ఆ చోటు మ్యాప్‌లో ఎక్కడుందో యాప్ తనంతట తాను పసిగట్టి ఫొటోకు అంటించాలి. ఆఫీసులో ఉన్న కంప్యూటర్ దాన్ని సరిచూసి సరేనంటే పత్రం, కాదంటే తిరస్కరణ. మధ్యలో మనిషి అవసరమే లేదని అందరూ సంతోషించారు. ఆ యాప్ రాసింది నేను.

డెమో అనే పండుగ

మా పైఅధికారి ప్రభాకర్ గారు. మంచి మనిషే. ఆయనకు యాప్ అంటే తెరిచేటప్పుడు కనిపించే మొదటి తెర. అక్కడ శాఖ చిహ్నం గుండ్రంగా తిరగాలన్నారు. తిప్పాను. మరీ గిరగిరా తిరుగుతోంది, హుందాగా తిరగాలన్నారు. హుందాగా తిప్పాను. చివరికి ఆ తిరిగే చిహ్నం ఒక్కటే మిగతా యాప్ అంతటికంటే బరువైంది.

హైదరాబాద్ నుంచి పెద్దలు వస్తున్నారని మూడు రోజుల ముందు హాల్లో రిహార్సల్ పెట్టారు. నాలుగు గోడల మధ్య, ఏసీ కింద, ఫోన్‌కు ఉపగ్రహం ఎక్కడ దొరుకుతుంది? "లొకేషన్ ఎర్రర్" అని తెర మీద పడింది.

"ఏందయ్యా వహీద్ ఇది? పెద్దోళ్ల ముందట ఎర్రరా?" అన్నారు ప్రభాకర్ గారు.

"బయట నిలబడి చూపిస్తే వస్తుంది సార్."

"సమోసాలు లోపల, పెద్దోళ్లు లోపల, నువ్వు బయట నిలబడి ఎవరికి చూపిస్తవ్? నాకు ఎర్రర్ అనే మాట కనబడొద్దు."

నేను బుద్ధిమంతుణ్ణి. కనబడకుండా చేశాను. ఒకే ఒక్క వరుస రాశాను. పది సెకన్లలో లొకేషన్ దొరక్కపోతే, ఫోన్‌కు అంతకు ముందు ఎక్కడో దొరికిన లొకేషన్‌నే వాడుకో, ఎవరికీ ఏమీ చెప్పకు అని. డెమో రోజున అది అద్భుతంగా పనిచేసింది. చప్పట్లు కొట్టారు. సమోసాలు కూడా బాగున్నాయి.

ఈ వృత్తిలోకి వచ్చేవాళ్లకు ఇక్కడ ఒక మాట. యాప్‌ను మీ బల్ల మీద, మీ ఖరీదైన ఫోన్‌లో, ఫ్యాన్ కింద కూర్చుని పరీక్షించి బాగుందని మురిసిపోకండి. దాన్ని వాడబోయేవాళ్ల దగ్గర ఉన్న ఫోన్లలో అన్నిటికంటే చవకది అరువు తెచ్చుకోండి. ఫొటోలతో దాని మెమరీ నింపండి, డేటా ఆపేయండి, బ్యాటరీ సగానికి దిగనివ్వండి. అప్పుడు మిట్టమధ్యాహ్నం రోడ్డు మీద నిలబడి వాడి చూడండి. మీరు రెండు వారాలు ఆలోచించి ఎంచుకున్న లేత బూడిదరంగు అక్షరాలు ఆ ఎండలో కనిపించవు. మీ నాజూకు బటన్ చెమట వేలికి అందదు. నేను ఇవన్నీ చేశాననుకునేరు. చేయలేదు కాబట్టే చెబుతున్నాను.

రీస్టార్ట్ చెయ్యమ్మా

చర్ల మండలంలో సర్వేకు పెట్టుకున్నవాళ్లలో సావిత్రి అనే అమ్మాయి ఉండేది. డిగ్రీ చదివింది. కోయ కుటుంబం, ఆ ఊళ్ల భాష ఇంటి భాషే. కాంట్రాక్టు ఉద్యోగం. సర్వే మొదలైన వారానికి నాకు ఫోన్ చేసింది.

"సార్, ఫొటో పొలంల తీస్తున్నం. మ్యాప్ తెరిచి చూస్తే చుక్క మాత్రం చర్ల సెంటర్ల టీ హోటల్ మీద పడుతుంది."

"ఫోన్ రీస్టార్ట్ చెయ్యమ్మా."

"చేసిన సార్. మూడుసార్లు చేసిన."

"అయితే యాప్ తీసేసి మళ్లీ వేసుకో."

"తీసేస్తే ఇంకా పంపని ఫొటోలన్నీ పోతయి గద సార్?"

పోతాయి. ఆ సంగతి ఆమెకు తెలిసింది, రాసిన నాకు తట్టలేదు. అలాంటప్పుడు మా వృత్తిలో వాడే మాట ఒకటుంది. "చూస్తాంలే అమ్మా" అన్నాను. ఆమె చెప్పింది ఒక కాగితం మీద రాసుకున్నాను కూడా. తర్వాత ఆ కాగితం మీదే చాయ్ గ్లాసు పెట్టుకున్నాను.

రీస్టార్ట్ మా దగ్గరున్న సర్వరోగ నివారిణి. దానివల్ల సమస్య పోకపోయినా, అడిగినవాళ్లు పోతారు. యాప్ వాడేవాళ్లు ఫోన్ చేసి ఇలా అవుతోంది అంటే, వాళ్లకు వాడటం రాదని మనకు వెంటనే అనిపిస్తుంది. ఆ అనిపించడమే మన చదువు. సావిత్రి మ్యాప్ తెరిచి చూసింది. మా సెక్షన్‌లో ఐదుగురం ఉన్నాం, ఒక్కరమూ చూడలేదు. మేము శాతాలు చూసేవాళ్లం. శాతం రోజూ పెరుగుతూనే ఉంది.

మెమో

జాబితా వచ్చింది. సావిత్రి చూసిన గూడేల్లో ముప్పై ఏడు దరఖాస్తులు తిరస్కరణ. కారణం అన్న చోట కంప్యూటర్ నిజాయితీగా రాసింది. ముప్పై ఏడు పొలాలూ ఒకే స్థలంలో ఉన్నాయని. రైతులకు అప్పీలుకు పదిహేను రోజులు గడువు.

ఆ స్థలం యాకూబ్ భాయ్ హోటల్. చర్ల సెంటర్‌లో నాలుగు బల్లలు, ఒక పొయ్యి. ఆఫీసు నుంచి ఇద్దరు టేపు పట్టుకుని అక్కడికి వెళ్లారు. అడవి భూమిలో అంతమంది ఒకేచోట ఎలా దున్నుతున్నారో చూద్దామని. ఆ ముచ్చట యాకూబ్ భాయ్ తర్వాత నాకు చెప్పాడు.

"ఇద్దరొచ్చిండ్రు భాయ్. పొయ్యి కాన్నుంచి గోడ దాక కొలిచిండ్రు. ఈడ ముప్పై ఏడు మంది ఎవుసం చేస్తున్నరట గద అన్నరు. అవ్ సార్, పొద్దుగాల వస్తరు, ఉప్మా తిని పోతరు అన్న. రాసుకున్నరు."

అందరూ నవ్వుకున్నారు. మా సెక్షన్‌లో అయితే రెండు రోజులు నవ్వారు. మూడో రోజు సావిత్రి నుంచి ఫోన్ వచ్చింది.

"సార్, నాకు మెమో ఇచ్చిండ్రు. పొలాలకు పోకుంట హోటల్ల కూసొని దొంగ సర్వే చేసిన్నట. మూడు దినాలల్ల జవాబు ఇయ్యకపోతే తీసేస్తమని రాసిండ్రు."

చాయ్ గ్లాసు పెట్టుకున్న ఆ కాగితం కోసం బల్ల సొరుగులో వెతికాను.

"జవాబు రాస్తున్న సార్. గిట్ల అవుతుందని ముందే మీకు ఫోన్ చేసిన సంగతి రాయాలె. అండ్ల మీ పేరు రాయాల్నా, వద్దా? అడిగి రాద్దామని చేసిన."

ఆమె గొంతులో కోపం లేదు. కోపం ఉంటే నాకు సులువుగా ఉండేది, ఏదో ఒకటి సర్దిచెప్పి పెట్టేసేవాణ్ణి. ఆమె నిజంగానే అనుమతి అడుగుతోంది. ముప్పై ఏళ్లలో నన్ను అంత మర్యాదగా ఎవరూ చెంపదెబ్బ కొట్టలేదు.

"రాయమ్మా" అన్నాను. "పూర్తి పేరు రాయి. నేను రేపు పొద్దున వస్తున్నాను."

పది సెకన్లు

భద్రాచలం దాటాక చర్ల బస్సులో నా నడుము నా వయసు నాకు గుర్తుచేసింది. దారిలో పోలీసులు బ్యాగు తెరిపించి, "మూడు ఫోన్లు ఎందుకు?" అని అడిగారు. పరీక్షించడానికి అన్నాను. వాళ్లు నన్ను పరీక్షించి వదిలారు. యాప్ రాసి ఆరు నెలలైంది, అది పనిచేయాల్సిన చోటికి నేను రావడం అదే మొదటిసారి. దీన్ని తప్పుగా ఎవరూ అనుకోలేదు. ఆఫీసులో దాన్ని అనుభవం అనేవారు.

సావిత్రి సెంటర్‌లో నిలబడి ఉంది. యాకూబ్ భాయ్ హోటల్‌లోనే చాయ్ తాగించింది. సర్వేవాళ్లు పొద్దున్నే ఇక్కడ ఎందుకు కూర్చుంటారో అప్పుడు తెలిసింది. ఆ రోజు చూడాల్సిన రైతుల పేర్లు ఫోన్‌లోకి దిగాలంటే సిగ్నల్ ఉండేది ఇక్కడే. పేర్లు దిగాక నడక మొదలు. రెండు వాగులు దాటి, చెట్ల కింది దారిలో గంటన్నర నడిచాం.

మొదట ముత్తమ్మ పొలం. ముత్తమ్మకు అరవై దాటి ఉంటాయి, భర్త లేడు, ఒక్కతే జొన్న వేస్తుంది. ముప్పై ఏడింటిలో ఆమెదొకటి. సావిత్రి ఫోన్ నాకిచ్చింది. బటన్ నొక్కి వేళ్లు మడిచి లెక్కపెట్టాను. ఒకటి, రెండు, మూడు. పది దాటగానే టిక్కుమని సరేనంది. మ్యాప్ తెరిచాను. గంటన్నర క్రితం మేం చాయ్ తాగిన బల్ల.

నా సొంత పరీక్ష యాప్‌ను నా ఫోన్ నుంచి ఆమె ఫోన్‌లో వేసి, ఆ పది సెకన్ల గడువు లేకుండా అదే ఫోన్‌ను ఆకాశం కింద పట్టుకుని నిలబడ్డాను. సిగ్నల్ లేని చోట చవక ఫోన్ ఉపగ్రహాలను ఒక్కొక్కటిగా వెతుక్కోవాలి. నాలుగు నిమిషాలకు చుక్క నెమ్మదిగా కదిలి పొలం మీదికి వచ్చింది. ఫోన్ మంచిదే. అడవి మంచిదే. సావిత్రి మంచి పనిమంతురాలు. మిగిలింది ఎవరో నాకు తెలుసు.

లొకేషన్‌తో పని ఉన్నవాళ్లు గుర్తుంచుకోవాల్సింది ఇంతే. బయలుదేరే ముందే ఆ ప్రాంతం మ్యాప్ ఫోన్‌లోకి దింపుకోండి. చెట్ల కింద కాక ఆకాశం కనిపించే చోట నిలబడండి. చుక్క కుదురుకునేదాకా ఆగండి. యాప్ రాసేవాళ్లయితే, తెలియనప్పుడు తెలియదని చెప్పనివ్వండి దాన్ని. మనుషులకే రాని ఆ మంచి గుణం యంత్రానికైనా నేర్పవచ్చు.

తర్వాత ముఖం ఫొటో. రైతు బతికున్న మనిషేనా, పాత ఫొటోకు ఫొటో తీస్తున్నారా అని కనిపెట్టడానికి, కళ్లు ఆర్పితేనే ఒప్పుకునేలా రాశాను. గొప్ప తెలివైన పని అనుకున్నాను. మధ్యాహ్నం ఎండ నడినెత్తిన ఉంది. తలమీద కప్పుకున్న కొంగు నీడ ముత్తమ్మ ముఖాన్ని సగం మింగేసింది. ఆమె ఎన్నిసార్లు కళ్లు ఆర్పినా తెర మీద ఇంగ్లీషులో "లైవ్‌నెస్ ఫెయిల్డ్" అని వస్తోంది.

"ఏమంటుంది అది?" అని ముత్తమ్మ సావిత్రిని అడిగింది.

సావిత్రి నా వైపు ఒకసారి చూసి, ఆమెకు చెప్పింది. "నువ్వు బతికున్నవంటే దానికి నమ్మకం కుదరలేదట అవ్వా."

ముత్తమ్మ ఫోన్‌నూ నన్నూ మార్చి మార్చి చూసింది. "ఏం జేస్తే నమ్ముతది సారూ? దున్ని చూపియ్యాల్నా?"

మా వీధి పిల్లలకు తెలుగు నేర్చుకోమని నేను చెప్పేది ఇందుకే. "ముఖం మీద నీడ ఉంది, కొంచెం పక్కకు తిరగండి" అని రాయడానికి నాకు ఒక నిమిషం పట్టేది. ఆ నిమిషం నేను చిహ్నాన్ని హుందాగా తిప్పడంలో ఖర్చుపెట్టాను.

అప్పుడు మా అబ్బాజాన్ స్టూడియో పనికొచ్చింది. సావిత్రి భుజం మీద ఉన్న తెల్ల తువ్వాలు అడిగి, ముత్తమ్మ నడుము ముందు అడ్డంగా పట్టించాను. ఎండ తువ్వాలు మీద పడి, అక్కడి నుంచి మెత్తగా ఆమె ముఖం మీదికి లేచింది. గీతలు, ముక్కుపుడక, కళ్లు అన్నీ కనిపించాయి. కళ్లు ఆర్పమన్నాం. ఆర్పింది. ఈసారి నమ్మింది.

ఫొటోల గురించి నాకు తెలిసిందంతా ఈ కొంచెమే. లెన్స్ తుడవండి, అన్నిటికంటే ముందు అదే. జేబులో చెమటా బెల్లం మరకా అంటిన లెన్స్‌తో తీసి, కెమెరా బాగాలేదని కొత్త ఫోన్ కొనేవాళ్లను చాలామందిని చూశాను. జూమ్ చేయకండి, నడిచి దగ్గరకు వెళ్లండి. ఆధారం కోసం తీసే ఫొటో అయితే ముందు దూరం నుంచి ఒకటి, వెనక గుట్టో గట్టు మీది చెట్టో కనిపించేలా. తర్వాత దగ్గరి నుంచి ఒకటి. మెసేజ్‌లో పంపినప్పుడు ఫొటో చిక్కిపోతుంది, అది తీసిన చోటు వివరం కూడా రాలిపోతుంది. కాబట్టి అసలు ఫొటోను ఫోన్‌లోనూ మరోచోటా దాచిపెట్టండి. ఇంత చెప్పడానికి కోర్సులు ఎందుకో నాకు తెలియదు.

సాంకేతిక కారణాలు

ఖమ్మం తిరిగివచ్చి కోడ్ తెరిచాను. ఆ వరుస అక్కడే ఉంది. దాని పక్కన నేనే రాసుకున్న గమనిక కూడా ఉంది. "డెమో కోసం మాత్రమే. తర్వాత తీసేయాలి." సాఫ్ట్‌వేర్‌లో తర్వాత అనే రోజు రాదు. రాసినవాడు రిటైరవుతాడు, ఆ వరుస మాత్రం ఉద్యోగం చేస్తూనే ఉంటుంది.

ప్రభాకర్ గారికి చెప్పాను. ఆయన కుర్చీలో వెనక్కి వాలి ఆలోచించారు.

"ఫోన్ కంపెనీ తప్పని రాయి. వాళ్లొచ్చి కాదంటరా?"

"ఆ అమ్మాయి ఉద్యోగం పోతుంది సార్."

"సాంకేతిక కారణాల వల్ల అని రాయి. ఆమెదీ కాదు, నీదీ కాదు, ఎవరిదీ కాదు."

నేను వీరుణ్ణి కాను. బల్ల దగ్గరికి వచ్చి ముందు అదే రాశాను. సాంకేతిక కారణాల వల్ల అని. చాలా నిండుగా కనిపించింది కాగితం. ఆ మాట చదివినవాళ్లు తలూపుతారు, ఎవరూ రెండో ప్రశ్న వేయరు. నేను కూడా సంతకం పెట్టబోయాను. సావిత్రి తన జవాబు కాపీ నాకు ఫోన్‌లో పంపింది సరిగ్గా అప్పుడే. నా పేరు పూర్తిగా రాసింది. దాని పక్కన "గారికి ఫోన్ ద్వారా తెలియజేశాను" అని రాసింది. నేను రీస్టార్ట్ చెయ్యమని చెప్పి ఊరుకున్నట్టు, చూస్తానని చెప్పి చూడనట్టు ఎక్కడా రాయలేదు.

కాగితం చింపి మళ్లీ రాశాను. నేను రాసిన ఒక వరుస వల్ల ఇలా జరిగిందని, సర్వే చేసిన ఉద్యోగి ముందే చెప్పినా నేను పట్టించుకోలేదని, పొలాలన్నీ పొలాల్లోనే ఉన్నాయని.

ప్రభాకర్ గారు చదివి కళ్లద్దాలు తీశారు. "నన్ను కూడా ముంచుతున్నవ్ గదయ్యా."

"ఎర్రర్ కనబడొద్దని మీరే అన్నారు సార్."

"కనబడొద్దన్న. దాచిపెట్టమన్ననా?"

నిజమే, అనలేదు. పైవాళ్లు సగం మాట చెబుతారు, మిగతా సగం మన భయం పూరిస్తుంది. ఆయన మీద నాకు చాలా కోపం ఉండేది, ఆ మాటతో సగం తగ్గింది. ఆ ఉత్తరం ఆయన ఆపలేదు కూడా. పైకి పంపారు. ఒక్క మాట తగ్గించకుండా పంపారు. ఆయన గురించి ఇది కూడా రాయకపోతే అన్యాయం.

సావిత్రి మెమో వెనక్కి తీసుకున్నారు. అప్పీలు గడువులో మిగిలిన ఆరు రోజుల్లో, ఆ వరుస తీసేసిన యాప్‌తో మళ్లీ ఫొటోలు తీయడానికి అనుమతి ఇచ్చారు. నన్ను కొత్త యాప్‌ల నుంచి తప్పించి, స్టూడియో అనుభవం ఉంది కదా అని శాఖవారి కార్యక్రమాలకు ఫొటోగ్రాఫర్‌ను చేశారు. రిటైరయ్యేదాకా రిబ్బన్ కత్తిరింపులు తీశాను. కత్తెర పట్టిన వేళ్లకు కూడా వెలుతురు సరిగ్గా పడేలా తీశానని పేరొచ్చింది.

ముప్పై ఏడో పొలం

ఆ ఆరు రోజులూ సావిత్రి, నేను కలిసి తిరిగాం. ముప్పై ఆరు పొలాలు పూర్తిచేశాం. ఆకాశం కింద నిలబడటం, నాలుగైదు నిమిషాలు ఆగడం, తువ్వాలు పట్టడం. ముత్తమ్మకు పత్రం వచ్చింది. మిగతావాళ్లకూ వచ్చింది.

ముప్పై ఏడోది రామయ్యది. ఆయన ఇంట్లో లేడు. మిర్చి ఏరడానికి కూలికి ఖమ్మం వైపు పోయాడు, ఏ ఊరో భార్య రాములమ్మకు కూడా సరిగ్గా తెలియదు. ఆయనకు ఫోన్ లేదు.

"నేను నిలబడత సారూ. ఇద్దరం కలిసే దున్నినం గద" అంది రాములమ్మ.

నిలబెట్టాను. దరఖాస్తులో ఉన్నది రామయ్య ముఖం. యాప్ సరిపోలడం లేదంది. భార్య ఒప్పుకోవచ్చు అని ఒక్క మాట కలిపితే చాలు. కానీ మార్చిన యాప్ ఫోన్లలోకి వెళ్లాలంటే పై ఆఫీసు అనుమతి మళ్లీ కావాలి. రోజుకు రెండుసార్లు ఫోన్ చేశాను. మీటింగ్‌లో ఉన్నామన్నారు. చివరి రోజు సాయంత్రం గడువు ముగిసింది. మీటింగ్ ముగిసిందో లేదో నాకు తెలియదు.

మిర్చి అయిపోయాక రామయ్య వచ్చాడని తెలిసి, నేను వెళ్లి ఆయనకు ఎదురుగా కూర్చుని జరిగిందంతా చెప్పాను. తప్పు నాదని చెప్పాను. ఆయన చాలాసేపు విన్నాడు.

"నేను ఆడ లేనని, భూమి కూడా ఆడ లేదన్నదా సారూ అది?"

అంతే అడిగాడు. తిట్టలేదు. రాములమ్మ నాకు చాయ్ ఇచ్చింది. ఆ చాయ్ ఎలా తాగానో నాకే తెలుసు. హక్కుదారు ముఖం తప్పనిసరి అనే నిబంధన కోడ్‌లో పెట్టినప్పుడు, కూలికి పోయే మనిషి నాకు గుర్తుకు రాలేదు. అది రాసినప్పుడు నేను ఫ్యాను కింద ఉన్నాను.

ఆయన పేరు మీద సవరణ దరఖాస్తు నేనే రాసిపెట్టాను. రిటైరయ్యాక కూడా వదల్లేదు. మళ్లీ మళ్లీ పెడుతూనే ఉన్నాను. రామయ్య పత్రం లేకుండానే దున్నుతున్నాడు. అటవీ శాఖవాళ్లు వచ్చి ఆపినప్పుడల్లా సావిత్రి వెళ్లి మాట్లాడుతుంది.

దరఖాస్తు ఎక్కడుందో చూసుకునే పేజీ ఒకటి ఉంది. నంబరు కొడితే "పరిశీలనలో ఉంది" అని వస్తుంది. ఆ పేజీ కూడా నా చేతి పనే. మొదట ఆ మాటకు ఎరుపు రంగు వేశాను. జనం కంగారు పడతారు, పచ్చ వేయమన్నారు. వేశాను.

నిన్న పొద్దున సావిత్రి ఫోన్ చేసింది.

"సార్, రామయ్య తాత పక్కన్నే ఉన్నడు. ఫోన్ల చూపించిన. పచ్చగ వచ్చింది గద, అయినట్టేనా అని అడుగుతుండు."

"కాలేదమ్మా" అన్నాను. "ఆ రంగు నేను వేసింది. దానికీ ఆయన పొలానికీ ఏం సంబంధం లేదని చెప్పు."

ఆమె కోయలో చెప్పడం వినిపించింది. ఆయన ఏమన్నాడని అడిగాను.

"ఏమనలే సార్" అంది సావిత్రి. "లేచి పొలం పోయిండు."